చచ్చిన విమానమునకు ఘోషా

చిల్లకల్లు నుండి ఒక ఉపాధ్యాయుడు వ్రాసిన జాబు ఈ వారము మా బల్లమీద నున్నది. ఆయన గడచిన సెలవులలో ముప్పదిమంది పిల్లలను బస్సెక్కించుకొని, నందిగామ, బెజవాడల మీదుగా రాత్రియంతయు ప్రయాణము చేసి, సైన్యము నుండి విశ్రాంతి నొందిన విమానములను నిలిపి చూపు ఒక ప్రదర్శనశాలకు గొనిపోయెను. మెట్టపొలముల పిల్లలు. మిరపచేలలో నిలుచుండి తలయెత్తి, ఆకాశమున తెల్లని చార గీచుచు పోవు విమానమును చూచినవారేకాని, దాని రెక్కను చేతితో తాకి యెఱుగరు. వారిలో నొక బాలుడు అన్నను బతిమాలి తెచ్చుకొన్న సెల్‌ఫోనుతో జెట్ విమానము ముక్కును ఫొటో తీసెను. కావలివాడు పరుగున వచ్చి ఫోను లాగికొని, బొమ్మను చెఱిపివైచి, "ఇది మిలిటరీ విమానము, ఫొటో తీయరాదు" అని గద్దించెను.

అంతవఱకైన నొక విధముగా నుండెడిది. కాని ఆ వేళకే ఆ విమానపు రెక్క క్రింద పట్టుబట్టలు ధరించిన యొక జంట, గొడుగు దీపములు నిలువబెట్టించుకొని, పెండ్లికి ముందు తీయించుకొను ఫొటోలు తీయించుకొనుచుండిరట. ఉపాధ్యాయు డడుగగా వారు రుసుము చెల్లించి పర్మిషను పొందిరని చెప్పిరి. ఆ పర్మిషను నిచ్చు వా రెవరో, ఏ గదిలో నుందురో కావలివా డెఱుగడు. ద్వారమున నియమములు వ్రాసిన పలకయు లేదు. పట్టుచీర వెనుక నిలిచినప్పుడు బయటపడని దేశరహస్యము, ఏడవ తరగతి బాలుని ఫోనులో బయటపడునా?

ఆ ప్రదర్శనశాల పేరు మేము ప్రకటింపము. ఒక కావలివానిని నలుగురిలో నిలుచుండబెట్టుట మా యుద్దేశము కాదు. అతడు తనకు చెప్పినది చేసెను; బహుశః చెప్పినవారికిని వారి పైవారు చెప్పియుందురు. మేము పోరదలచినది ఆ పై నుండి దిగివచ్చు భయముతో. విమానము చచ్చినది, భయము మాత్రము బ్రదికియున్నది. పని ముగించుకొని, ఇంజనులు చల్లారి, చక్రములు కదలకుండ పీఠమున కెక్కించిన లోహకళేబరమునకు ఘోషా వేయుట ఏ రాజనీతియో మాకు బోధపడకున్నది.

దేశరక్షణకంటె ఫొటో ముఖ్యమా యని కొందఱు మమ్మడుగుదురు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండ తప్పించుకొనము. పనిచేయుచున్న వైమానికస్థావరమున, ఎగురుటకు సిద్ధముగా నున్న యుద్ధవిమానమును తోచినవా డెల్ల చిత్రింపరాదనుటకు మేమును సమ్మతింతుము. 2025 మే మాసమున, సరిహద్దులలో కాల్పులు జరిగిన పిమ్మట, సైన్యమునకు చెందిన విమానాశ్రయములలో ప్రయాణికులు ఫొటోలు తీయరాదనియు, ఎక్కునపుడు దిగునపుడు కిటికీల తెరలు దింపవలసినదనియు ప్రభుత్వము ఆజ్ఞాపించినపుడు మే మొక్కమాట యనలేదు. కాని ప్రదర్శనశాల స్థావరము కాదు. చూడుడని పిలిచి, టిక్కెట్టు చించి, లోనికి రానిచ్చి, చూచినదానిని జ్ఞాపకముంచుకొనవలదనుట అన్నమునకు పిలిచి విస్తరి లాగుకొనుట వంటిది.

ఇంతకును దాచవలసిన దేమున్నది? మిగ్ 21 సంగతియే చూడుడు. 1963లో మన వాయుసేనలో ప్రవేశించి, 2025 సెప్టెంబరు 26వ తేదీన చండీగఢ్‌లో సెలవు పుచ్చుకొన్నది. లోకమున పదివేలకు పైగా తయారై, సుమారు అఱువది దేశముల సైన్యములలో నెగిరిన విమానమది. 1966 ఆగస్టులో ఇరాకు వైమానికు డొకడు దానిని నడపుకొనిపోయి ఇజ్రాయేలు చేతిలో పెట్టెను. 1968లో అమెరికావారు ఆ విమానమునే అరువు తెచ్చుకొని, తమ యెడారిలో నెగురవైచి, మంచిచెడ్డలన్నియు లెక్కకట్టుకొనిరి. నే డది హాట్జెరిమ్‌లోని ఇజ్రాయేలు వాయుసేనా ప్రదర్శనశాలలో నున్నది. శత్రువుల మిత్రులు, మిత్రుల శత్రువులు అందఱును విప్పి చూచిన యంత్రములో మన చిల్లకల్లు బాలునికి తెలియరాని రహస్య మొకటి మిగిలినదని నమ్ముమందురా?

మఱియొకటి. 1965 యుద్ధమున సెప్టెంబరు 3వ తేదీన మన నాట్ విమాన మొకటి పాకిస్తానులోని పస్రూరున దిగి వారికి చిక్కినది. అది నేటికిని కరాచిలో వారి వాయుసేనా ప్రదర్శనశాలలో విజయచిహ్నముగా నిలిచియున్నది. దాని ఛాయాచిత్రములు ప్రపంచమంతట తిరుగుచున్నవి. ప్రత్యర్థి తనకు చిక్కిన మన విమానమును చూపించి చూపించి గర్వపడుచుండగా, మనము మన యింట నున్న మన విమానమును చూపుటకు సిగ్గుపడుచున్నాము.

ఈ సిగ్గు మనకు పుట్టుకతో వచ్చినది కాదు. ఇది దొరలు విడిచిపోయిన పాతబట్ట. 1923లో నాటి తెల్లదొరతనమువారు అధికార రహస్యముల శాసనమును చేసిరి. అందులో నిషిద్ధస్థలమను మాటకు చెప్పిన యర్థమును మా పాఠకు లొకమారు చదువవలెను. కోటలు, ఆయుధాగారములు, సేనాస్థావరములతో పాటు ప్రభుత్వమునకు చెందిన ఓడ, ప్రభుత్వమునకు చెందిన విమానము కూడ ఆ శాసనము దృష్టిలో నిషిద్ధస్థలములే. విమాన మొక స్థలమట! ఆ శాసనముననే స్కెచ్చి యను మాటలో ఛాయాచిత్రమును చేర్చిరి. రాజ్యక్షేమమునకు హాని చేయు తలంపుతో తీసిననే నేరమని శాసనము స్పష్టముగా చెప్పుచున్నది. రక్షణసంబంధమైన వానియెడ పదునాలుగేండ్ల వఱకు శిక్షయు గలదు. తలంపు సంగతి కావలివాని దాక దిగిరాలేదు, శిక్ష సంగతి మాత్రము దిగివచ్చినది. 1937 నాటి విమాన నియమములలో పదుమూడవది, అనుమతిపత్రము లేక ప్రభుత్వ విమానాశ్రయమున గాని ఎగురుచున్న విమానము నుండి గాని ఫొటో తీయరాదన్నది. ఆ దొరలు ఆ నియమమును చేసినది ఎవరికి భయపడి? మనకు భయపడి. వారు పోయి డెబ్బదియైదేండ్లు దాటినది. మనకు మనమే భయపడుచున్నాము.

పరదేశములలో నిట్టి పిచ్చి లేదని మేమనము. 2001 నవంబరులో గ్రీసుదేశమున కలమాట స్థావరమున విమానములను చూడవచ్చిన పదునలుగురిని, పన్నిద్దఱు ఆంగ్లేయులు, ఇద్దఱు డచ్చివారు, గూఢచారులని పట్టుకొనిరి. మఱుసటి ఏప్రిలులో శిక్ష వేసిరి. ఆ నవంబరుననే పై న్యాయస్థానము వారిని నిర్దోషులని విడిచిపెట్టెను. ఏడాది పాటు లోకమంతయు గ్రీసును చూచి నవ్వెను. అదియైన పనిచేయుచున్న స్థావరము. లండనులోని హెండన్‌లో ఆంగ్ల వాయుసేనా ప్రదర్శనశాల, అమెరికాలో ఒహాయో రాష్ట్రమున డేటన్ ప్రదర్శనశాల, ఈ రెంటను ప్రవేశమునకు రుసుము లేదు, సొంతమునకు ఫొటో తీసికొన్న కాదనువా రును లేరు. మనకంటె ఎక్కువ యుద్ధములు చేసినవారు, మనకంటె ఎక్కువ రహస్యములు గలవారు, తమ చచ్చిన విమానములను బిడ్డల కప్పగించి నిశ్చింతగా నున్నారు.

మన దేశమున మాత్రము మార్పు రాలేదా? వచ్చినది. 2018 జూలైలో పురావస్తుశాఖవారు, తాము కాపాడు కట్టడములలో అజంతా గుహలు, లేహ్ రాజప్రాసాదము, తాజమహలు లోపలి సమాధి తప్ప తక్కినచోట్ల ఫొటోలపై నిషేధమును తీసివైచిరి. రెండువేల యేండ్ల శిల్పమును ఫొటో తీయవచ్చునట. నిన్నమొన్నటి అల్యూమినియము రేకును తీయరాదట!

మెట్టసీమ వారమగు మాకు ఈ విషయమున ఇంత పట్టుదల యేల యందురా? చిల్లకల్లుకు కూతవేటు దూరమున జగ్గయ్యపేట గలదు. ఆ యూరి బోడుమీద నొకప్పుడు బౌద్ధస్తూప ముండెడిది. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని కాలపు శాసనములు అక్కడ దొరకినవి. 1882లో బర్జెసు దొర త్రవ్వి చూచునప్పటికే చాలభాగము చెదరిపోయియుండెను. మిగిలిన మేలైన పలకలు మదరాసు ప్రదర్శనశాలకు పోయినవి. మాంధాత చక్రవర్తి పలకను చూడగోరు జగ్గయ్యపేట వాడు నేటికిని చెన్నపట్టణము రైలెక్కవలసినదే. ఆ స్తూప మెట్లుండెనో నేడు మన మొక మాట చెప్పగలుగుచున్నామన్న, అది బర్జెసు అచ్చువేసిన గ్రంథములోని పటముల చలువ. కృష్ణ కావలి యొడ్డున అమరావతి కథ ఇంతకంటె దారుణము. 1816లో మెకంజీ దొర చిత్రకారుల చేత వ్రాయించిన పలకలలో కొన్ని పిమ్మట కానరాకపోయినవి. రాయి పోయినది, కాగితము లండనులో మిగిలినది. ఆ కాగితమే లేకున్న ఆ శిల్ప మొకటి యుండెనని చెప్పువాడు కూడ లేడు. బొమ్మ గీయువానిని నాడెవడైన "ఇది రాజుగారి సొత్తు, గీయరాదు" అని వెళ్ళగొట్టియుండిన మన గతి యేమి?

రాతికే అట్టి గతి పట్టగా, రేకు మాట చెప్పనేల? విమానము ఎండకు వానకు నిలుచుటకు చేసిన వస్తువు కాదు. ఎగిరినంతకాలము దినదినము తుడిచి, నూనె పోసి, మరలు బిగించు చేతులుండెను. పీఠమెక్కిన పిమ్మట ఆ చేతులు లేవు. కాక్‌పిట్టుపై గాజువంటి కప్పు ఎండకు పొగచూరినట్లు మసకబారును. టైర్లు కుంగును. ఉప్పుగాలి రివెట్ల చుట్టు తెల్లని పొక్కులు లేపును. ఇంజనులోనికి గాలిపోవు నోటిలో గోరువంకలు గూళ్ళు కట్టును. అప్పు డెవరో యధికారి వచ్చుచున్నాడని రంగు వేయుదురు. ఆ రంగు వేయుటతో నసలు చరిత్ర పోవును: దళపు గుర్తు పోవును, విమానపు సంఖ్య పోవును, ఏ యుద్ధమున నెగిరినదో చెప్పు చిన్నచిన్న వ్రాతలు పోవును. ఒక్కొక్కచోట పాతసంఖ్య దొరకక తోచిన సంఖ్య వ్రాయుటయు గలదు. రంగు వేయకముందు ఎవడో పేరులేని కుఱ్ఱవాడు తీసిన ఫొటోయే అప్పుడు సాక్ష్యము. ప్రపంచమున పాత విమానములను బాగుచేయు నిపుణులు అసలు రూపు తెలిసికొనుటకు ఇట్టి ఔత్సాహికుల ఛాయాచిత్రములనే వెదకికొనుచుందురు.

విశాఖపట్టణపు సముద్రతీరమున నిలిచిన సీ హారియరును చూచినవారికి ఈ మాట నాటును. పరుగుబాట యక్కఱలేక నిట్టనిలువుగా దిగగల ఆ జెట్ విమానములు 1983 నుండి 2016 వఱకు మన నౌకాదళమున పనిచేసినవి. సుమారు ముప్పది కొన్నారు. వానిలో సగమువఱకు ప్రమాదములలో పోయినవి, వానితో వైమానికులును పోయిరి. వానిని మోసిన విరాట్ నౌక యెక్కడ? 2017 మార్చి 6న దానికి విశ్రాంతి నిచ్చిరి. విశాఖలో ప్రదర్శనశాలగా నిలుపుదమని మన ఆంధ్రప్రభుత్వము కొన్నాళ్ళు ఉబలాటపడెను. ధనము చాలదని చల్లబడెను. 2020లో దానిని గుజరాతులోని అలంగు తీరమునకు లాగుకొనిపోయి ముక్కలు చేయ మొదలిడిరి. అంతకుముందు పాత విక్రాంత్ గతియు నదియే. పదేండ్లు పైబడి ముంబయిలో ప్రదర్శనశాలగా నుండి, 2014లో తుక్కుక్రింద పోయినది. దాని లోహముతో మోటారుసైకిళ్ళు చేసి అమ్మిరి. ఇప్పుడు ఆ రెండు నౌకల మీద నడచినట్లు చెప్పుకొనుటకు మిగిలినవి మనుష్యుల జ్ఞాపకములు, ఛాయాచిత్రములు. జ్ఞాపకములు గలవారు ముసలివా రగుచున్నారు.

మారుత్ సంగతి తలచిన మనస్సు మఱింత చివుక్కుమనును. మన దేశమున రూపొందిన మొదటి జెట్ యుద్ధవిమానమది. జర్మను నిపుణుడు కుర్ట్ టాంక్ బెంగుళూరున కూర్చుండి మనవారితో కలసి దానిని తీర్చెను. 1961 జూన్ 17న సురంజన్ దాస్ దానిని మొదట గగనమున కెత్తెను. 1970 జనవరిలో ఆ జాతి విమానమునే పరీక్షించుచు ఆయన ప్రాణములు గోల్పోయెను. 147 మారుత్‌లు తయారైనవి, 1971 యుద్ధమున పోరాడినవి, 1990 నాటికి వెడలిపోయినవి. అం దొకటి జర్మనీలో మ్యూనిక్ చెంత ష్లైస్‌హైమ్ ప్రదర్శనశాలలో చక్కని పైకప్పు క్రింద నున్నది. అచట నే దేశపువాడైన పోయి చుట్టు తిరిగి ఫొటోలు తీయవచ్చును. మన విమానపు మంచి ఫొటో కావలసినపుడు మనవాడు జర్మనుని ముంగిట నిలువవలసివచ్చుట తలవంపులు కాదా?

ఇక మనవారి తప్పు చెప్పకున్న ఈ వ్యాసము పక్షపాతమగును. ఫొటో తీయవచ్చునన్న చోట మనము తీయున దేమి? మన మొగములు. విమానము వెనుక నెక్కడనో తోకగా మిగులును. రెక్కమీది కెక్కువా రున్నారు. రేకుమీద మేకుతో పేర్లు చెక్కువా రున్నారు. తోకకంటుకొని కోతివలె వ్రేలాడువారును గలరు. ఇట్టివారిని చూచి విసిగిన యధికారి "అసలు ఫొటోలే వలదు" అనుటను మే మర్థముచేసికొనగలము. అయినను ఎలుకలకు భయపడి ఇల్లు తగులబెట్టుకొనుట తగదు. ఎక్కువానిని దింపవలెను, చెక్కువానిని దండింపవలెను, చూచువానిని విడిచిపెట్టవలెను.

పిల్లలతో పోవు ఉపాధ్యాయులకు మా మనవి యొకటి. మధ్యాహ్నపు టెండలో పోకుడు. లోహము మెఱసి బొమ్మ చెడును. ఉదయముననో ప్రొద్దు వాలిన తరువాతనో పొండు. మొట్టమొదట తోకమీది సంఖ్యను తీయింపుడు, అది లేని ఫొటో యూరు పేరు లేని జాబు వంటిది. తరువాత ప్రక్కనుండి నిండువిగ్రహము. ఆ పిమ్మట చక్రములు ముడుచుకొను గుంటలు, పొగగొట్టము, తయారీ వివరములు చెక్కిన చిన్నరేకు. కప్పుమీద మెఱుపు పడిన ఫోనును గాజుకు దగ్గఱగా నానించి, చేతితో నీడ పట్టుడు. తేదీని, స్థలమును వ్రాసికొనుడు. ఇంటికి వచ్చిన పిమ్మట ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క విమానపు కథను తెలుగున వ్రాసి ఆ ఫొటోకు జతచేసిన, బడిలోనే యొక చరిత్రగ్రంథము సిద్ధమగును.

అధికారులను మేము కోరునది గొంతెమ్మ కోరిక కాదు. తీయదగినదేదో తీయరానిదేదో ద్వారముననే తెలుగున పలకమీద వ్రాయుడు. రానున్న రహస్యమేదైన నిజముగా నున్నచో ఆ భాగమును మూసివేయుడు, మూయనిదానిని తీయనిండు. వ్యాపారమునకు తీయువారి యొద్ద రుసుము గైకొనుడు, అందుకు మా యభ్యంతరము లేదు. ఆ రుసుమును విమానపు రంగుకు, కప్పుకు వెచ్చింపుడు. బడిపిల్లల యొద్ద దమ్మిడీ తీసికొనవలదు. మూడుకాళ్ళ స్టాండులు జనము కాళ్ళకడ్డమన్న మాట నిజమే. వాని కొక ప్రాతఃకాలము కేటాయింపుడు. అన్నిటికంటె ముఖ్యముగా, ఏ విమానమునకైన రంగు వేయుటకు ముందు నలువైపుల ఛాయాచిత్రములు తీయించి ప్రజలకు లభ్యమగునట్లు భద్రపఱచుడు.

ఆలస్యమునకు కాలము కాదు. సెలవు పుచ్చుకొన్న మిగ్‌లలో మఱికొన్ని ముందుముందు కళాశాలల ముంగిళ్ళకు, కూడళ్ళకు, ప్రదర్శనశాలలకు చేరును. వీనిని పరాయివని యెవ్వరు ననరాదు. వీని ఎలక్ట్రానిక్ పరికరములను తయారుచేయుటకే 1965లో హైదరాబాదు బాలానగరున హిందూస్థాన్ ఏరోనాటిక్సు శాఖ వెలసినది. ఇంజనులు మన పొరుగున కోరాపుట్ సీమలోని సునాబెడలో తయారైనవి. అక్కడ చేతులు నల్లజేసికొన్న తెలుగువారి మనుమలు, మనుమరాండ్రు నేడు ఈ విమానముల ముందు ఫోనెత్తిన, తాత బిగించిన మరను తీసికొనుచున్నారని యెఱుగవలెను.

చెఱిపిన ఫొటోకు బదులుగా ఆ చిల్లకల్లు బాలుడు తిరుగుప్రయాణమున బస్సులో కూర్చుండి, నోటుపుస్తకపు చివరి కాగితముమీద పెన్సిలుతో ఆ విమానమును వ్రాసెనట. ఉపాధ్యాయుడు దానిని జాబుతో జతపఱచెను. ముక్కు కొంచెము వంకర. చక్రములు మూడునకు బదులు నాలుగు పడినవి. తోకమీది సంఖ్య మాత్రము పొల్లుపోలేదు. 1923 నాటి శాసనము ప్రకారము ఇదియు స్కెచ్చియే గావున, మా యొద్ద దాచియుంచుట నేరమైన కావచ్చును. వచ్చు సంక్రాంతి సెలవులలో ఉపాధ్యాయుడు మరల పిల్లలతో అచటికే బయలుదేరుననియు, ఈమాఱు ముందుగా వ్రాతమూలముగా అనుమతి కోరెననియు తెలియుచున్నది. ద్వారమున ఏమి జరిగినదో ఆయన వ్రాయగనే మా పాఠకులకు తెలియజేయుదుము.